బెరడు ఒలవకుండా ఇల్లు కట్టేస్తారా!

బొబ్బర్లంక నుంచి ఏటిగట్టు పట్టుకుని కిందికి వస్తుంటే ఈ మధ్య కర్ర కుటీరాలు కనిపిస్తున్నాయి. దుంగ మీద దుంగ పేర్చిన గోడలు, దుంగలే స్తంభాలు, వసారాకి దుంగలతోనే కటకటాలు. శని, ఆదివారాల్లో పట్నం నుంచి వచ్చేవాళ్ల కోసం కడుతున్నారట. కర్రతో ఇల్లు కడుతున్నారంటే నాకంటే సంతోషించేవాడు ఈ చుట్టుపక్కల ఉండడు. సిమెంటు డబ్బాలు చూసి విసుగెత్తిపోయినవాణ్ణి. కానీ దగ్గరికెళ్లి చూసేసరికి ఒళ్లు మండింది. జామాయిలు, సరుగుడు, మామిడి, ఏ దుంగ చూసినా బెరడు బెరడులాగే ఉంది. ఎవరూ ఒలవలేదు. పైపెచ్చు దాని మీదే మెరుగు పూశారు. ఇదేవిటి నాయనా అని అడిగితే, కట్టించే కుర్రాడు "అడవిలో ఉన్నట్టు ఉంటుందని అలాగే ఉంచేశామండి తాతగారూ" అన్నాడు.

మా రోజుల్లో అలాంటి దుంగని గేదెల పాకకి కూడా ఎక్కించేవారు కాదు.

దుంగ ఇంటిముందు దిగిందంటే మొదటి పని బెరడు తీయడమే. కొలతలూ, కోతలూ, ముహూర్తాలూ అన్నీ ఆ తరవాత. వడ్రంగి వచ్చి దుంగ చుట్టూ ఓసారి తిరిగి, గోటితో బెరడు గీరి, పచ్చిగా జారుతుందో పట్టేసిందో చూసుకునేవాడు. పచ్చిగా ఉంటే గొడ్డలి వెనకపక్కతో నాలుగు దెబ్బలు వేసి, అంచు లేపి, కత్తి లోపలికి పోనిచ్చి లాగితే మూరలకు మూరలు ఊడొచ్చేది. ఎండలో వారాల తరబడి పడి ఉన్న దుంగైతే ఆ పనే రోజంతా సాగేది. బాడిస పుచ్చుకుని జానెడు జానెడు చెక్కుకుంటూ పోవాల్సిందే. అంచేత చెట్టు పడిన పూటే, మహా అయితే మర్నాడు, బెరడు ఒలిపించేవారు. రైతు పొలం దగ్గరే కూర్చుని దగ్గరుండి చేయించేవాడు. కర్ర ఎక్కడ పెరిగిందో, ఎప్పుడు కొట్టారో, ఎన్నాళ్లు ఎండిందో ఇంటి యజమానికి తెలిసేది. ఇవాళ ఫోనులో దుంగలు చెప్పేస్తున్నారు, లారీలో దిగిపోతున్నాయి. అది కొట్టి ఎన్నాళ్లైందో దించినవాడికీ తెలియదు, దింపించుకున్నవాడికీ తెలియదు.

ఎందుకింత పట్టుదల అంటే, కారణం బెరడు కింద ఉంది. బెరడుకీ కర్రకీ మధ్య పల్చటి తడి పొర ఒకటుంటుంది. చెట్టు ఆకుల్లో వండుకున్న తీపి అంతా ఆ పక్కనుంచే కిందికి దిగుతుంది. చెట్టు పెరిగేది కూడా అక్కడే. చెట్టు కూలాక ఆ తీపి, ఆ తడి అక్కడే ఉండిపోతాయి. పైన బెరడు కప్పి ఉంటే కర్రలో నీరు తేలిగ్గా బయటికి పోయే దారి లేదు. పురుగుకి ఇంతకంటే మంచి పురిటి గది దొరకదు. బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ తీపి పొర తింటూ సొరంగాలు తవ్వుకుంటూ పోయి, తరవాత కర్రలోకి దిగుతాయి. వెనకాలే బూజు. ఏడాది తిరిగేసరికి బెరడు తనంతట తనే కర్రని వదిలేస్తుంది, కానీ ఊడి పడదు. ఆ సందులో వానాకాలమంతా నీరు నిలుస్తుంది. మన గోదావరి లంకల్లో గాలే తడిగా ఉంటుందాయె. పైన పూసిన మెరుగు లోపల జరిగేదాన్ని ఆపదు, కనపడకుండా చేస్తుంది. ఒకరోజు తెల్లారి లేచేసరికి గోడ వార నేల మీద సన్నటి పిండి రాలి ఉంటుంది. అప్పుడు మందు కొట్టేవాణ్ణి పిలుస్తారు.

ఒలిచిన బెరడు కూడా మాకు పారేసే వస్తువు కాదు. ఎండిందాన్ని పొయ్యిలోకి పట్టుకెళ్లేవారు. నల్లతుమ్మ పట్టకైతే గిరాకీ ఉండేది. తోళ్లు ఊనేవాళ్లకి అదే కావాలి. వలలు గట్టిపడటానికి దాని కషాయం పట్టించేవారు. బండిచక్రానికీ, నాగలికీ తుమ్మ కొడితే, కర్ర ఒకళ్లు పట్టుకెళితే పట్ట ఒకళ్లు పట్టుకెళ్లేవారు. తుమ్మ ఒలిచినవాడి చేతులు, కత్తి నల్లబడిపోయేవి. ఆ పసరులోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు తేలుతుంది. పూర్వం రాతకి వాడిన సిరా కూడా అలా వగరు, ఇనుము కలిపి చేసిందే.

ఇక టేకు సంగతి. మా తాతగారి కాలంలో ఈ ప్రాంతానికి టేకు గోదావరి మీదే దిగేది. ఏజెన్సీ కొండల్లో కొట్టిన దుంగల్ని తెప్పలు కట్టి, తేలడానికి వెదురు ఆసరా ఇచ్చి, పాపికొండల మధ్యనుంచి రాజమండ్రి దాకా వదిలేవారు. అక్కడి అడితుల్లో బేరం చేసుకుని, ధవళేశ్వరం దాటించి కాలువలోకి తెచ్చుకునేవారు. బొబ్బర్లంక దగ్గర మొదలై, లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలి కోనసీమంతా పారే ఈ కాలువ పొలాలకి నీరివ్వడమే కాదు, ఊళ్లకి సరుకులూ మోసింది. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసి కాలువలు తవ్వించినప్పుడు పడవలు నడవాలనే లాకులు పెట్టించాడు. ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు వేసవిలో కాలువ కట్టేసేలోపే కర్ర చేర్చుకోవాలి. లేకపోతే మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆగాలి. ఆగేవారు కూడా.

నీళ్లలో నానుతూ వచ్చిన దుంగకి బెరడు చాలావరకు దారిలోనే వదిలేది. మిగిలింది ఒడ్డున గీకేసేవారు. అక్కడితో పని అయిపోయినట్టు కాదు. బెరడు కింద వేలెడు మందాన తెల్లగా ఉండే చెక్కని "తెలుపు" అనేవారు. దాన్ని కూడా పూర్తిగా చెక్కేసి, లోపలి చేవ బయటపడేదాకా బాడిస ఆపేవారు కాదు. టేకుకి చెద పట్టదని అందరూ అంటారు. ఆ మాట చేవకే చెల్లుతుంది. చెదల్ని దూరంగా ఉంచే పదార్థం చెట్టు చేవలోనే దాచుకుంటుంది. తెలుపు మామూలు కర్రతో సమానమే, పుచ్చిపోతుంది. పోయిన కర్ర చూసి ఏ యజమానీ బాధపడేవాడు కాదు. మండువా స్తంభాలు, ద్వారబంధాలు అన్నీ చేవే. ఇవాళ ఘానా నుంచి, ఈక్వెడార్ నుంచి ఓడల్లో తోటల టేకు వస్తోంది. చిన్న వయసు దుంగలు, సగం తెలుపే. అడుగు లెక్కన డబ్బు పోశారు గనక ఆ తెలుపు కూడా ద్వారబంధంలో పెట్టేసి, రంగు కలిపిన పాలిషుతో చేవలా కనిపించేట్టు చేస్తున్నారు. నాలుగైదేళ్లకి ఆ అంచు వేలితో నొక్కితే దిగిపోతోంది. టేకు మోసం చేసిందని టేకుని తిడుతున్నారు.

అడవిలో టేకు కొట్టడం ఆగిపోయినందుకు నాకేం బాధ లేదు, ఆ మాట కూడా చెప్పాలి. పాపికొండలు ఇప్పుడు జాతీయ ఉద్యానవనం. ఆ చెట్లు అక్కడే నిలబడి ఉండాలి. రంపపు గొయ్యిలో కింద నిలబడి, కళ్లలో పొట్టు పడుతున్నా పైవాడితో సమంగా రంపం లాగిన మనుషుల్ని చూశాను. సామిల్లు వచ్చి వాళ్లకి ఆ బాధ తప్పింది, మంచిదే. నా గొడవ మిషన్లతో కాదు. మిషను కోస్తుంది గానీ, దుంగ ఏ స్థితిలో ఉందో చూడదు. అది చూడాల్సిన మనిషిని పెట్టుకోవడం కూడా మనం మానేశాం.

రంగం (రంగూన్) వెళ్లొచ్చిన పెద్దలు ఇంకో సంగతి చెప్పేవారు. గోదావరి జిల్లాల నుంచి ఆ రోజుల్లో బర్మాకి ఎంతోమంది పనికి పోయేవారు, అక్కడి కోత మిల్లుల్లోనూ మనవాళ్లే ఉండేవారు. బర్మాలో టేకుని పచ్చిగా కొట్టరు. చెట్టు మొదట్లో చుట్టూరా బెరడూ తెలుపూ తెగేలా గాడి తీసి, రెండు మూడేళ్లు నిలువునా ఎండనిస్తారు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, నిలువునా ఎండింది తేలుతుంది. అంటే చెట్టు ఇంకా నేల మీద నిలబడి ఉండగానే బెరడు పని మొదలైందన్నమాట. మూడేళ్ల ముందుచూపు అది. ఇవాళ మూడు నెలల్లో గృహప్రవేశం అంటున్నారు.

తాటిచెట్టు గురించి చెప్పకుండా మన ఇళ్ల గురించి చెప్పడం కుదరదు. టేకు ఉన్నవాళ్ల ఇంటికి. తాడు అందరి ఇంటికీ. పెంకుటిల్లైనా తాటాకిల్లైనా దూలం తాడిదే, నిట్రాట తాడిదే, పట్టెలు తాడివే. తాడికి టేకులాంటి బెరడు ఉండదు, మట్టలు ఊడిన గరుకు చెక్కు ఉంటుంది. దీని తత్వమే వేరు. టేకు చేవ లోపల, తాడి చేవ బయట. నల్లటి నారలు ఒత్తుగా పేర్చుకున్న గట్టి చెక్క అంతా అంచునే ఉంటుంది, నడిమి భాగం మెత్తగా గుజ్జుగా ఉంటుంది. అంచేత టేకులో బయటిది తీసి లోపలిది ఉంచినట్టే, తాడిలో పైచెక్కు గీకేసి, మానుని నిలువునా చీల్చి, లోపలి మెత్తని బాడిసతో తవ్వి పారేసి, అంచు చెక్క మాత్రమే పట్టెలకి వాడేవారు. మొదలు వైపు ఎంత గట్టిగా ఉంటుందో తల వైపు అంత మెత్తన. పైభాగాన్ని ఏ వడ్రంగీ దూలానికి పెట్టనిచ్చేవాడు కాదు. ముదురు చెట్టే కొట్టాలి. లేత తాడు కొట్టి దూలమెక్కిస్తే ఊళ్లో అడిగేవారు.

కొట్టిన మానుల్ని చెరువులోనో కాలువలోనో నెలల తరబడి నానేసేవారు. ఆ చెరువుగట్టున నడిస్తే ముక్కు మూసుకోవాల్సిందే. కానీ ఆ కంపు కర్రలోని తీపి కుళ్లి నీళ్లలోకి పోతున్న కంపు. అది పోయాక పురుగుకి అందులో తినడానికేం మిగలదు. వెదురుకీ ఇదే వైద్యం. పైగా వెదురు, కర్ర అమావాస్య దగ్గర కొట్టాలని పట్టింపు ఉండేది. తరవాత గట్టెక్కించి, కడిగి, నీడలో, నేలకి తగలకుండా దిమ్మల మీద పేర్చి ఆరబెట్టేవారు. భూమిలో పాతే రాటలకైతే అడుగు భాగం మంటలో కాల్చి, నల్లగా మాడనిచ్చి పాతేవారు. ఇదే బాడిస, ఇదే చెయ్యి కొల్లేటి మీద తాటిదోనెలు కూడా తొలిచింది. లోపలి మెత్త తీసేస్తే మానే పడవ అయ్యేది. రెండు జత చేసి కడితే సంగడి.

1986 ఆగస్టులో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మట్టిగోడలు నాని కూలిపోయాయి. ఆ గోడలు కూలిన ఇళ్లలో నానబెట్టి ఎండబెట్టిన తాటి నిట్రాటలు, దూలాలు చెక్కుచెదరలేదు. నీరు తీశాక వాటినే కడుక్కుని, మళ్లీ వాటి మీదే ఇళ్లు లేపుకున్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆ ఇళ్లు పడగొడుతున్నారు. శ్లాబు వేసుకోవడం తప్పని నేను అనను. కానీ వందేళ్ల తాటి దూలాన్ని ఇటుకబట్టీకి అమ్మేస్తున్నారు చూడండి, అది మాత్రం తప్పు. పుచ్చు లేదు, వంపు లేదు. బట్టీవాడు కూడా గొడ్డలి దిగక తిట్టుకుంటాడు.

బెరడుతో కుప్పగా పడేసిన దుంగ ఇంటికే కాదు, ఊరికీ చేటు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి నేలకూలింది. వెంటనే కోసి, ఒలిచి, ఆరబెట్టినవాళ్లకి కాస్త కర్రైనా దక్కింది. ఎక్కడివక్కడ కుళ్లిపోయిన మోళ్లలో కొమ్ముపురుగు పెరుగుతుంది. దానికి కుళ్లిన కొబ్బరి మానే పుట్టిల్లు. అక్కడ పెరిగి, బతికిన చెట్ల మొవ్వుల్లోకి ఎగురుతుంది. ఇంగ్లండులో ఇంకా పెద్ద నష్టం జరిగింది. 1960ల్లో ఉత్తర అమెరికా నుంచి బెరడుతో దిగుమతైన ఎల్మ్ దుంగలతో ఒక బూజు తెగులు వచ్చింది, బెరడు కింద బతికే చిన్న పురుగు దాన్ని చెట్టు నుంచి చెట్టుకి మోసింది. రెండు కోట్లకు పైగా చెట్లు చచ్చిపోయాయి.

ఇలాంటివి జరగకూడదనే ఇవాళ దేశం దాటే ముడి చెక్క పెట్టెలకి అంతర్జాతీయ నియమం ఉంది. సరుకు పంపే పెట్టైనా, మిషను కింద పెట్టే చెక్క దిమ్మైనా బెరడు తీసి ఉండాలి. మూడు సెంటీమీటర్ల వెడల్పు లోపు ముక్కలు అక్కడక్కడా మిగిలితే ఒప్పుకుంటారు, అంతకు మించి వెడల్పుగా ఉంటే చాలా కొద్ది మేరకే. పైగా కర్ర నడిబొడ్డు దాకా 56 డిగ్రీల వేడి అరగంట సేపు తగలాలి, లేదా నియమం ఒప్పుకున్న ఇంకో పద్ధతిలో శుద్ధి చేయాలి, చేసినట్టు ముద్ర ఉండాలి. కాగితం మిల్లుకి వెళ్లే జామాయిలు, సుబాబుల్ కర్రకి కూడా బెరడు తీస్తారు. ఉంటే గుజ్జులో మచ్చలు పడతాయి. ఒకసారి వాడి విరిచి పారేసే పెట్టెకీ, నుజ్జు చేసే కర్రకీ ఉన్న జాగ్రత్త మనుషులు పడుకునే ఇంటికి లేదంటే ఏమనాలి?

"అందం" అంటున్నారు. సరే, అందమే చూద్దాం. జపానులో క్యోటో పక్కన కితయామా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడి సుగి అనే చెట్లని నిటారుగా, కొమ్మల్లేకుండా పెంచి, బెరడు ఒలిచి, ఇసకతో తోమి, నున్నటి స్తంభాలు చేస్తారు. ఇంట్లో ముఖ్యమైన చోట ఆ స్తంభం నిలబెట్టుకోవడం వాళ్లకి గౌరవం. ఆ దుంగల్ని తోమే ఆడవాళ్లని జపాను రచయిత కవబాత 1962లో తన నవలలోకి తెచ్చుకున్నాడు. నార్వేలో 12వ శతాబ్దంలో కట్టిన బోర్గుండ్ కర్ర చర్చి ఇప్పటికీ నిలబడి ఉంది. ఒలిచి, చేవ తేలిన పైను కర్ర అది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడి దుంగల ఇళ్లు ఫోనులో చూపించి, "మావయ్యా, వీళ్లు రెండు వైపులా పిడి ఉన్న కత్తితో, దుంగ మీద కాళ్లు చెరోపక్క వేసి కూర్చుని తమవైపు లాక్కుంటూ ఒలుస్తారు" అన్నాడు. వసంతంలో చెట్టులో నీరెక్కినప్పుడు కొడితే బెరడు తేలిగ్గా వస్తుందని వాళ్లూ కాలం చూసుకుంటారట. దుంగల ఇల్లు అన్న ఆలోచన వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నాం. దానికి ముందు చేసే పని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

బెరడు తీసిన కర్ర బోడిగా ఉంటుందని ఆ కుర్రాడు అన్నాడు. వాడు ఒలిచిన సరుగుడు దుంగని ఎప్పుడూ చూసి ఉండడు. ఎర్రగా, తడిగా, అప్పుడే బయటపడ్డ నారల గీతలతో మెరుస్తుంది. నెల తిరిగేసరికి ఆ ఎరుపు ముదురుతుంది. జామాయిలు కింద లేత గులాబీ రంగు ఉంటుంది.  ఏ చెట్టు రంగు ఆ చెట్టుదే. బెరడు మీద మెరుగు పూస్తే అన్నీ ఒకే బురదరంగు.

మా ఆత్రేయపురం అంటే లోకానికి పూతరేకులు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఊరివాడిగా నాకు గర్వమే. కుండ మీద పల్చటి రేకు తీసే ఆడవాళ్ల చేతికి ఆ మర్యాద దక్కాల్సిందే. అదే ఊళ్లో, అదే కాలువగట్టున దూలాలు చెక్కిన చేతుల్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ వడ్రంగుల పిల్లలు కొందరు రెడీమేడు తలుపులు బిగించే పనిలో ఉన్నారు, కొందరు హైదరాబాదు వెళ్లిపోయారు. బాడిస పుచ్చుకుంటే అడుగుల లెక్కన కూలి రాదు, మిషను రందా పడితే వస్తుంది. వాళ్లని నేను తప్పుపట్టను. కట్టించేవాడు అడగనప్పుడు చేసేవాడు ఎందుకు చేస్తాడు?

ఆ కుర్రాడికి చెప్పాల్సింది చెప్పాను. కట్టేసిన రెండు కుటీరాలకి ఇప్పుడే, వానలు పడకముందే, బెరడంతా గీకించమన్నాను. ఎండి పట్టేసింది గనక కష్టపడాలి, బాడిసతో చెక్కించి, రంధ్రాలున్నచోట తట్టి చూసి, బోలుగా మోగిన దుంగని మార్చమన్నాను. మూడోదానికి ఇంకా కర్ర దిగలేదు. దానికైతే చెట్టు దగ్గరికే మనిషిని పంపి, కొట్టిన రోజే ఒలిపించి, చివర్లకి మైనమో తారో పూసి పగుళ్లు రాకుండా చూసి, నేలకి మూరెడు ఎత్తున నీడలో పేర్చి, ఒక వేసవి గడవనిచ్చి అప్పుడు గోడ లేపమన్నాను. "ఏడాది ఆగాలాండీ?" అన్నాడు. అవును, ఆగాలి. బాడిస పట్టడం తెలిసిన పెద్దవాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా కొందరున్నారు. ఎవరు కర్ర ఇల్లు కట్టినా ముందు వాళ్ల గుమ్మంలోకి వెళ్లండి. అడిగిన కూలి ఇవ్వండి, పక్కన ఇద్దరు కుర్రాళ్లని పెట్టి నేర్చుకోనివ్వండి. దుంగ దిగిన పూట పిలవండి, గోడ లేచాక కాదు.